విలీనమైన బ్యాంకులో ‘పాత బ్యాంకోళ్లు’ అనిపించుకుంటున్న ఒక ఆఫీసరుకు

ప్రశ్న: అన్నగారికి నమస్కారం. మాది నల్లగొండ జిల్లా. దేవరకొండ వైపు ఒక మండల కేంద్రంలో బ్యాంకు ఆఫీసరుగా పనిచేస్తున్నాను. వయసు 46. 2003లో క్లర్కుగా చేరి, 2016లో ప్రమోషన్ మీద స్కేల్-1, అంటే మొదటి మెట్టు ఆఫీసరునయ్యాను. మా బ్యాంకును ఒక పెద్ద బ్యాంకులో కలిపి ఏళ్లు గడిచాయి. అయినా రివ్యూ మీటింగుల్లో మమ్మల్ని ఇంకా ‘పాత బ్యాంకోళ్లు’ అనే అంటారు. ఈ మధ్య మళ్లీ బోర్డు రంగు మార్చారు, కొత్త నినాదం పెట్టారు, అందరం ఒకే రకం జాకెట్లు వేసుకుని ఫొటో పంపాలన్నారు. అదే బ్రాంచిలో నోట్లు లెక్కపెట్టే మిషన్ పాడై నెలలైంది, పట్టించుకునేవాళ్లు లేరు. రుణాలన్నీ సిటీలోని ప్రాసెసింగ్ సెంటరు చేతిలోకి పోయాయి. రైతులొచ్చి నన్ను అడుగుతారు, నా చేతిలో ఏమీ లేదు. పైనుంచి రోజూ ఇన్సూరెన్స్ టార్గెట్. మొన్న వీడియో కాన్ఫరెన్సులో అందరి ముందు మా రీజినల్ మేనేజరు (ఆర్‌ఎం) ‘మీ పాత బ్యాంకు బద్ధకం ఇంకా వదల్లేదా’ అన్నారు. నాకంటే చిన్నవాళ్లకు ప్రమోషన్లు వచ్చాయి. రాత్రి మూడింటికి మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టదు. నా భార్య టీచరు, ‘మానేయండి, నా జీతంతో బతుకుదాం’ అంటోంది. రాజీనామా రాసి పెట్టుకున్నాను. మా వాట్సాప్ గ్రూపులో కొందరు ఇవన్నీ ఫేస్‌బుక్‌లో పెడదామంటున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: తమ్ముడూ, మీ ఉత్తరాన్ని బాగా కుదించి ఇచ్చాను. మీ బ్యాంకు పేరు, అధికారి పేరు తీసేశాను. అది మీ క్షేమం కోసమే.

ముందు తొందరగా చెప్పాల్సిన మాట. ఆ రాజీనామా కాగితం ఇవ్వొద్దు. ఉద్యోగం ఎట్టి పరిస్థితిలోనూ మానొద్దని నేను అనడం లేదు. మానేసే హక్కు మీకుంది. కానీ రాజీనామా వేరు, స్వచ్ఛంద పదవీ విరమణ (వీఆర్ఎస్) వేరు. మన దగ్గర చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. మీరు 2003లో చేరారు. జాతీయ బ్యాంకుల్లో 2010 ఏప్రిల్ 1 తర్వాత చేరినవాళ్లకు ఎన్‌పీఎస్ అనే కొత్త పెన్షన్ పద్ధతి వచ్చింది, మీరు అంతకు ముందువాళ్లు. కాబట్టి మీకు 1995 నాటి బ్యాంకు ఉద్యోగుల పెన్షన్ నిబంధనలు వర్తిస్తాయి. అందులో 22వ నిబంధన ఏమంటుందంటే, ఉద్యోగి రాజీనామా చేస్తే అప్పటిదాకా చేసిన సర్వీసంతా లెక్కలోంచి పోతుంది, పెన్షన్ ఉండదు. 29వ నిబంధన ప్రకారం 20 ఏళ్ల అర్హత సర్వీసు నిండినవాళ్లు 3 నెలల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి స్వచ్ఛందంగా రిటైర్ కావచ్చు, వాళ్లకు పెన్షన్ వస్తుంది. పైగా సర్వీసుకు గరిష్ఠంగా 5 ఏళ్లు కలుపుతారు, మొత్తం 33 ఏళ్లు దాటకుండా. కోపంలో రాసే ఒక్క మాట తేడాతో జీవితాంతం వచ్చే పెన్షన్ పోతుంది. నాకు తెలిసిన బ్యాంకు కుటుంబాల్లో ఇలా నష్టపోయినవాళ్లు ఉన్నారు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

వీఆర్ఎస్ అయినా ఇప్పుడే లాభమా? నా లెక్కలో కాదు. 33 ఏళ్ల సర్వీసుకు గాని పూర్తి పెన్షన్ రాదు. పూర్తి పెన్షన్ అంటే చివరి 10 నెలల సగటు వేతనంలో సగం. మీకు 22 ఏళ్ల సర్వీసు ఉందనుకుని 5 కలిపితే 27. అంటే ఆ సగంలో 33కి 27 వంతులే. అదీ మీరు ఇంటికి తెచ్చే మొత్తం జీతం మీద కాదు, పెన్షన్‌కు లెక్కించే వేతనం మీద. రిటైర్మెంటుకు ఇంకా 14 ఏళ్లున్నాయి. ఇంటి లోను స్టాఫ్ వడ్డీకి తీసుకుని ఉంటే, మధ్యలో బయటికొస్తే ఆ వడ్డీ ఏమవుతుందో అడిగి తెలుసుకోండి. జీతం లేని సెలవు (లాస్ ఆఫ్ పే) పెట్టిన రోజులు ఉంటే అవి అర్హత సర్వీసులో చేరకపోవచ్చు, కాబట్టి సర్వీసు రికార్డు తీయించి చూడండి. ఈ లెక్కలన్నీ మీ భార్యతో కూర్చుని కాగితం మీద వేయండి. ఆమె ప్రేమతో చెప్పిన మాట అది, దానికి అంకెలతోనే బదులివ్వాలి.

ఇక పేరు సంగతి. ‘జీతం వస్తోంది కదా, బోర్డు మీద ఏ పేరుంటే ఏంటి’ అనే మాట నాకు నచ్చదు. పల్లెలో డిపాజిట్ వేసేవాళ్లు బ్యాలెన్స్ షీటు చూసి వేయరు. కౌంటర్లో కూర్చున్న మనిషిని చూసి, గోడ మీద పేరు చూసి వేస్తారు. బిడ్డ పెళ్లికి దాచిన డబ్బు మీ మాట మీద వేసి ఉంటారు. ఆ పేరు పోతే మీకు బాధ కలగడంలో తప్పేం లేదు.

మన దగ్గర ఈ బాధ చాలామంది పడ్డారు. 1941లో నిజాం కాలంలో మొదలైన హైదరాబాద్ స్టేట్ బ్యాంకు, తర్వాతి స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్, 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిసిపోయింది. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో పెట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. అదే రోజు సిండికేట్ బ్యాంకు కెనరాలో కలిసింది. గ్రామీణ బ్యాంకుల వాళ్ల సంగతి చూడండి. ఖమ్మం, నల్లగొండల్లో నాగార్జున గ్రామీణ బ్యాంకు, పాలమూరులో సంగమేశ్వర గ్రామీణ బ్యాంకు ఉండేవి. 2006లో అవి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు అయ్యాయి. 2025 జనవరి 1 నుంచి తెలంగాణలోని ఆ బ్రాంచీలన్నీ తెలంగాణ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. నాగార్జునలో ఉద్యోగంలో చేరి అదే జిల్లాలో ఉన్నవాళ్లు మూడో పేరు కింద పనిచేస్తున్నారు.

పాత పేరు మాత్రం తిరిగి రాదు. ఈ విలీనాలు పార్లమెంటు చేసిన చట్టాల కింద, గెజిట్‌లో ప్రకటించిన ఉత్తర్వులతో జరిగాయి. దాని మీద మీ శక్తి ఖర్చు పెట్టొద్దు. అదే గెజిట్‌లో మీకు పనికొచ్చే భాగం ఒకటి ఉంది. 2020 విలీనాల స్కీముల్లో, కలిసిన బ్యాంకు శాశ్వత ఉద్యోగులు పెద్ద బ్యాంకు ఉద్యోగులవుతారని, వాళ్ల జీతభత్యాలు పాతచోట వచ్చేవాటికంటే తక్కువ ఉండకూడదని రాశారు. మీ బ్యాంకు స్కీము కాపీ తెచ్చుకుని ఉద్యోగుల గురించిన క్లాజులు చదవండి. మీటింగులో ఎవరేమన్నా, చట్టం దృష్టిలో మీరు దయతో చేర్చుకున్న మనిషి కాదు. ఆ బ్యాంకు ఆఫీసరే.

ప్రమోషన్ దగ్గర ఒక చేదు మాట చెప్పక తప్పదు. మీకంటే చిన్నవాళ్లకు వచ్చాయన్నారు. వయసులో చిన్నవాళ్లా, స్కేల్‌లో చిన్నవాళ్లా? ఆఫీసర్లలో సీనియారిటీని మామూలుగా ఆ స్కేల్‌లోకి వచ్చిన తేదీతో చూస్తారు. బ్యాంకు ఉద్యోగాల ఐబీపీఎస్ పరీక్ష రాసి 2012లో నేరుగా ఆఫీసరుగా (పీఓ) వచ్చిన కుర్రాడు, 2016లో స్కేల్-1 అయిన మీకంటే ఆ స్కేల్‌లో సీనియరే. అది అన్యాయమనిపిస్తుంది, కానీ మీ పాత బ్యాంకులోనైనా అట్లాగే జరిగేది. మీరు వెతకాల్సింది వేరే చోట. రెండు బ్యాంకుల జాబితాలు కలిపినప్పుడు మీ స్కేల్ తేదీ సరిగ్గా పడిందా, మీతోపాటు అదే తేదీకి ఆఫీసరైన అవతలి బ్యాంకు వాళ్లు మీకంటే పైకి ఎట్లా వెళ్లారు అన్నది చూడండి. తేడా కనిపిస్తే మీ ఆఫీసర్ల అసోసియేషన్ ద్వారా ఒకటి, నేరుగా హెచ్‌ఆర్‌కు ఒకటి రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. నోటితో చెప్పింది ఎక్కడా నిలవదు.

దీనికంటే ముఖ్యమైనది మీ ఏపీఏఆర్, అంటే ఏటా మీ పనికి వేసే మార్కులు. ప్రమోషన్లో ఇవి నేరుగా లెక్కలోకి వస్తాయి. ప్రభుత్వ, ప్రభుత్వరంగ ఉద్యోగి నివేదికలో వేసిన ప్రతి గ్రేడింగును ఉద్యోగికి తెలియజేయాలని, దాని మీద చెప్పుకునే అవకాశం ఇవ్వాలని 2008లో దేవ్‌దత్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ మార్కులు మీకు చూపించారా? చూపించకపోతే అడగండి. ఇవ్వకపోతే ఆర్‌టీఐలో మీ సొంత ఏపీఏఆర్ కోసం దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఏడాది చివర సెల్ఫ్ అప్రైజల్ రాసేటప్పుడు చాలామంది రెండు లైన్లు గీకి పంపేస్తారు. మీరు అట్లా చేయొద్దు. ఎన్ని పంట రుణాలు రెన్యువల్ చేయించారు, ఎన్ని మహిళా సంఘాల ఖాతాలు చూస్తున్నారు, ఎంత బకాయి వసూలైంది, ఎన్ని రోజులు ఒక్కరే కౌంటరు నడిపారు, అన్నీ అంకెలతో రాయండి.

ఆర్‌ఎం అన్న మాటకు వస్తాను. అందరి ముందు ఒక మనిషిని అతని పాత సంస్థ పేరుతో తిట్టడం తప్పు. పెద్ద కుర్చీలో ఉన్నవాళ్లకు అది ఇంకా పెద్ద తప్పు. ఉద్యోగులు మీటింగు అయ్యాక ముఖం చాటేసుకుని, మర్నాడు పనిలో సగం మనసే పెడితే నష్టం ఎవరికి? బ్యాంకుకే. కానీ ఆ వీడియో కాన్ఫరెన్సులోనే ఎదురు మాట్లాడితే మీ మాట రికార్డవుతుంది, ఆయన మాట మాటగా పోతుంది. ఇంకోసారి ఇట్లా జరిగితే ఆ సాయంత్రమే ఒక మెయిల్ పెట్టండి. కోపం లేకుండా, ఇంగ్లిషులోనే, ఇంత చాలు: ‘ఈ రోజు సమీక్షలో మా బ్రాంచి పనితీరు గురించి మీరు చెప్పింది విన్నాను. బ్రాంచికి మంజూరైన సిబ్బంది ఇంతమంది, ఉన్నది ఇంతమంది. ఈ నెల వచ్చిన దరఖాస్తులు ఇన్ని, మేం పంపినవి ఇన్ని, సెంటర్లో పెండింగులో ఉన్నవి ఇన్ని. వీటి జాబితా జతచేశాను.’ బద్ధకం అన్న మాటను మీరు మళ్లీ ఎత్తనక్కర్లేదు, ఆ అంకెలే దానికి జవాబు చెబుతాయి. అదే పనిగా అవమానిస్తుంటే తేదీలతో, అక్కడున్న సాక్షులతో సహా అసోసియేషన్‌కు రాసివ్వండి.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది పంట రుణాల మాట. ఇది మీ మనసు సమస్య ఒక్కటే కాదు, ఊరి సమస్య. 3 లక్షల లోపు పంట రుణానికి రైతుకు పడే వడ్డీ 7 శాతం. గడువులోపు కడితే కేంద్రం మరో 3 శాతం రాయితీ ఇస్తుంది, అంటే 4 శాతమే పడుతుంది. రైతు డబ్బు తెచ్చి కౌంటరు మీద పెట్టినా, సెంటర్లో ఎవరో కాగితం ఆపడంతో రెన్యువల్ తేదీ దాటిపోతే ఏమవుతుంది? కొత్త రుణం చేతికి రాదు. పత్తి విత్తనాలకు, ఎరువులకు అదును దాటితే ఆ రైతు వడ్డీ వ్యాపారి దగ్గరికి పోతాడు. బత్తాయి తోట రైతుకైనా, డిండి వైపు తండా రైతుకైనా ఇంతే. పాత రోజుల్లో బ్రాంచి మేనేజరు పొలం చూసి, పాస్‌బుక్ చూసి, మనిషిని చూసి తేల్చేవాడు. అందులో పక్షపాతాలు ఉండేవి, కాదనను. సెంటరు పెట్టడానికి కారణాలూ ఉన్నాయి. కానీ సిటీలో తెర ముందు కూర్చున్న ఆఫీసరుకు ఆ సర్వే నంబరులో బోరు ఎండిందో లేదో తెలియదు. మీకు తెలుసు.

అందుకే మీరు చేయగలిగింది ఒకటుంది. ఒక నోటుబుక్ పెట్టండి. రైతు ఏ తేదీన వచ్చాడు, కాగితాలు ఎప్పుడు అప్‌లోడ్ చేశారు, సెంటరు ఏ ప్రశ్న వేసి వెనక్కి పంపింది, గడువు ఎప్పుడు, రాయితీ పోతే రైతుకు ఎంత నష్టం, అన్నీ రాయండి. నెలాఖరుకు ఒక్క పేజీ చేసి మేనేజరు సంతకంతో రీజినల్ ఆఫీసుకు పంపండి. గడువు దగ్గర పడినవాటిని విడిగా ఎర్రగీత కింద పెట్టండి. ‘మీ విధానం బాగాలేదు’ అంటే ఎవరూ వినరు. ‘ఈ రైతుల రుణాలు ఈ తేదీకి ఓవర్‌డ్యూ అవుతాయి’ అంటే ఆర్‌ఎంకే భయం, మొండి బాకీలు (ఎన్‌పీఏ) పెరిగితే ఆయన కుర్చీకే ప్రశ్న వస్తుంది. ఆ పేజీ ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. రేపు ఆడిట్‌లో ‘ఎందుకు ఆలస్యమైంది’ అని మిమ్మల్ని అడిగితే అదే మీకు అండ.

మీ బ్రాంచి మేనేజరు బయటి రాష్ట్రం కుర్రాడని, తెలుగు రాదని ఉత్తరంలో ఇంకోచోట రాశారు. అతని మీద కోపం వద్దు. ఇల్లు వదిలి, భాష తెలియని చోటికి వచ్చాడు. పోస్టింగు అతను అడిగింది కాదు. మన జిల్లాల్లో దక్కనీ ఉర్దూతో కొంత నెట్టుకురావచ్చు గాని, రైతుకు రెన్యువల్ సంగతి, మహిళా సంఘానికి తీర్మానం సంగతి చెప్పడానికి అది చాలదు. వారంలో ఒక పూట ఊళ్లకు వెళ్లేటప్పుడు అతన్ని వెంట తీసుకెళ్లండి. సంఘాల మీటింగులో కూర్చోబెట్టండి. పెద్ద బ్యాంకు నుంచి వచ్చిన ఒక్క మనిషికైనా ఇక్కడి మనుషుల సంగతి అర్థమైతే, రీజినల్ ఆఫీసుకు పోయే మీ పేజీ మీద అతని సంతకానికి బలం ఉంటుంది.

ఇన్సూరెన్స్ టార్గెట్ విషయంలో ఒక గీత గీసుకోండి. అవసరమున్నవాళ్లకు చెప్పి అమ్మండి, అది ఉద్యోగంలో భాగమే. రుణం కోసం వచ్చిన మనిషికి పాలసీ అంటగట్టొద్దు. ఇట్లా తప్పుగా అమ్మే పాలసీలతో ఖాతాదారుకు అప్పు ఖర్చు పరోక్షంగా పెరుగుతోందని 2024 నవంబరులో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామనే బ్యాంకర్ల సభలో చెప్పారు. రేపు ఆ ఖాతాదారు రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేస్తే, టార్గెట్ ఇచ్చినవాళ్ల పేరు అందులో ఉండదు. ఫారం మీద సంతకం మీది. పైనుంచి ‘ప్రతి లోనుకూ ఒక పాలసీ’ అని ఫోన్లో చెబితే ‘దయచేసి మెయిల్ పెట్టండి సార్’ అనండి.

ఫేస్‌బుక్ పోస్టు వద్దే వద్దు. ఆఫీసర్ల ప్రవర్తనా నియమావళి కింద అది నేరుగా చార్జిషీటుకు దారి. గ్రూపులో రాసినవి కూడా స్క్రీన్‌షాట్లుగా ఎక్కడికైనా పోతాయి. మీ బాధలో న్యాయం ఉంది, దాన్ని ఒక పోస్టుతో క్రమశిక్షణ కేసుగా మార్చి వాళ్ల చేతికి ఇవ్వొద్దు. గ్రూపులోని మిత్రులకూ ఈ మాట చెప్పండి. అదే ఉత్సాహంతో పదిమంది కలిసి, సంతకాలతో, సిబ్బంది కొరత మీద అసోసియేషన్‌కు వినతిపత్రం ఇవ్వండి.

జాకెట్టు వేసుకోండి, ఫొటో పంపండి. దాని మీద గొడవ పడాల్సినంత విషయం లేదు. నోట్లు లెక్కపెట్టే మిషన్‌కు మాత్రం విడిగా లెటర్ పెట్టండి, క్యాష్‌లో తేడా వస్తే జేబులోంచి కట్టాల్సింది మీరే అన్న సంగతి అందులో రాయండి.

నిద్ర గురించి ఆలస్యం చేయొద్దు. రోజూ రాత్రి మూడింటికి లేస్తున్నారంటే బీపీ, షుగర్ చూపించుకోండి. మనసులో భారం మాట్లాడుకోవడానికి ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. టెన్షన్‌కు డాక్టరును కలిస్తే సర్వీసు రికార్డులో మచ్చ పడుతుందని మనవాళ్లలో ఒక భయం ఉంది. అది అక్కర్లేని భయం. వరసగా సెలవు పెట్టి చాలా కాలమైందన్నారు. మీ ఖాతాలో ఉన్న సెలవుల్లోంచి ఒక వారం తీసుకోండి, ఇంట్లోవాళ్లతో గడపండి. ఆ వారంలో రాజీనామా గురించి ఏ నిర్ణయమూ తీసుకోవద్దు.

సెలవు నుంచి వచ్చాక మొదట సర్వీసు రికార్డు, తర్వాత సీనియారిటీ జాబితా, ఆపైన గత మూడేళ్ల ఏపీఏఆర్ తెప్పించుకోండి. జాబితాలో అనుమానం ఉంటే పేర్లు కొట్టేసి, తేదీలు మాత్రం ఉంచి నాకు పంపండి. చూసి, హెచ్‌ఆర్‌కు రాయాల్సిన ఉత్తరం ఎట్లా ఉండాలో చెబుతాను.